హమ్మూ మేస్త్రీ బావి తాబేలు

హమ్మూ మేస్త్రీ మోకాళ్ళు అరిగిపోయి ఆరేళ్ళయింది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. మసీదులో ఆయన గోడ పక్కన కుర్చీలో కూర్చునే నమాజు చేసుకుంటాడు. సంతకు వెళ్ళాలంటే గాడిద మీద ఎవరో ఒకరు ఎక్కించాలి. అయినా ఏటా బార్లీ కోతలయ్యాక నడుముకు మోకు కట్టుకుని తొమ్మిది బారల బావిలోకి దిగవలసింది ఆయనే. దానికి కారణం ఒక తాబేలు.

మా తఘ్రూత్ ఊళ్ళో పద్ధతి ఇది. కొత్త బావిలో జల పడ్డ రోజున, దాన్ని తవ్విన మేస్త్రీ ఒక నీటి తాబేలును తెచ్చి తన చేత్తో అందులో వదులుతాడు. దాని చిప్ప వెనక అంచున ఆకురాయితో ఒక గాటు పెడతాడు. ఆ తాబేలు బతికున్నంత కాలం పూడిక తీతకు మొదట దిగేది అతనే. అడుగున దాన్ని తడిమి పట్టుకుని చేదలో పెట్టి పైకి పంపుతాడు. అది పైకొచ్చి, తల బయటపెట్టి, నాలుగడుగులు వేశాకే మిగతావాళ్ళు దిగుతారు. తాబేలు చస్తే చిప్పను ఖర్జూరపు చెట్టు మొదట్లో పాతిపెట్టి ఆ మేస్త్రీకి సెలవిస్తారు. మరొకడు మరో తాబేలును వదులుతాడు. నేను పంపులు బాగుచేసేవాణ్ణి. ఇందులో మహిమ ఉందో లేదో చెప్పలేను. పనికొచ్చే సంగతి మాత్రం ఉంది. ఏటా ఒకే మనిషి దిగితే, రాయి కదిలినా గాలి చెడినా ఊట పక్క మారినా ఆ చేతికి తెలుస్తుంది.

మిగతా బావుల్లో తాబేళ్ళు పదేళ్ళకో పదిహేనేళ్ళకో పోయాయి. మేస్త్రీలు మారారు. పై వాడ బావిలోది మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళుగా చావలేదు. దాన్ని వదిలిన రోజున హమ్మూ మేస్త్రీకి ముప్పై ఏళ్ళు.

"ఏం మేస్త్రీ, నువ్వు ముందా అది ముందా?" అని బావి దగ్గర ఇత్తో అడిగేది. ఇత్తో పై వాడ ఆడవాళ్ళలో పెద్ద నోరు.

"అదే ఉంటుందిలే అమ్మా. దానికి మోకాళ్ళ నొప్పులు లేవు," అనేవాడు ఆయన.

ఆయన భార్య తూదా అత్తకు ఈ హాస్యం నచ్చేది కాదు. ఆమె నీళ్ళ పెద్ద అద్దీ ఇంటికి రెండుసార్లు వెళ్ళింది. ఏ తోటకు ఏ పూట నీళ్ళు పారాలో చెప్పేది అద్దీయే.

"ఇంకొకణ్ణి దింపవయ్యా. ఆయన్ని చంపుతావా?"

"నాకు మాత్రం జాలి లేదా వదినా? ఇవాళ దీన్ని సడలిస్తే రేపు నీళ్ళ వంతు కూడా సడలించమంటారు. వంతు సడలితే ఈ ఊళ్ళో తలలు పగులుతాయి. తాబేలు పోనీ, ఆ రోజే సెలవు."

"అది పోదు. దాని ఆయుష్షు కోసం మా ఆయన మోకాళ్ళు తింటోంది."

ఇక వానలు లేని సంవత్సరాలు వచ్చాయి. వరసగా మూడు. ద్రా వాగులో నీటి చుక్క లేదు. ఖర్జూరపు చెట్ల తలలు వాలిపోయాయి. బావిలో నీళ్ళు మొదటి ఏడు నడుము దాకా, రెండో ఏడు మోకాలి దాకా, మూడో ఏడు చీలమండ దాకా ఉన్నాయి. ఆ మూడో ఏడే పూడిక తీతకు, నేను మామా అని పిలిచే హమ్మూ మేస్త్రీ దిగాడు. గిలక దగ్గర మోకు వదులుతున్నది నేను. బావి గోడలోని మెట్టు గుంటల్లో ఆయన కాలు పెట్టినప్పుడల్లా చేతిలో మోకు వణకడం నాకు తెలుస్తూనే ఉంది. మామూలుగా పావుగంటలో తాబేలు పైకొచ్చేది. ఆ రోజు గంట దాటింది.

"మామా! బాగున్నావా?"

"లాగు."

ఆయన్నే లాగాను. చేదలో బురద తప్ప ఏమీ లేదు. గట్టు మీద కూర్చుని గడ్డం మీది బురద తుడుచుకుంటూ చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏదీ?" అన్నాడు అద్దీ.

"లేదు. చచ్చిపోయింది. ఊపిరాడక పోయి ఉంటుంది."

"చిప్ప?"

"దొరకలేదు. బురదలో ఎక్కడో కలిసింది."

అద్దీ ఆయన ముఖం కేసి చూశాడు. హమ్మూ మేస్త్రీ అబద్ధమాడగా ఎవరూ వినలేదు. రాయి ఒక వేలు పక్కకున్నా ఒప్పుకోని మనిషి. తన తప్పుంటే కట్టిన గోడ తనే విప్పేవాడు.

"చిప్ప లేకపోతే నలభై రోజులు చూడాలి," అన్నాడు అద్దీ చివరికి. "తర్వాత సెలవు. కొత్తది వదిలేది జాయిద్."

జాయిద్ అంటే నేను. నాకు నలభై ఒకటి. పంపుల కోసం ఎలాగూ బావుల్లోకి దిగుతాను కాబట్టి సరేనన్నాను.

నలభై రోజులూ గడిచాయి. తూదా అత్త నూనె, తేనె పోసి అట్లు వేసి ఇరుగుపొరుగుకు పంచింది. హమ్మూ మామ ఇంటి ముందు ఎండలో గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. సుఖంగా ఉన్నాడని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం, బండి దిగాక కూడా కుదుపులు పోని మనిషిలా కనిపించేవాడు.

"తాబేలును ఎక్కడ తెస్తావురా?" అని అడిగాడు నన్ను.

"మర్రాకెష్ వెళ్తున్నా మామా, మోటారు తీగ కోసం. అక్కడ బజారులో బోనుల్లో పెట్టి అమ్ముతారు."

"మన మడుగుల్లో వెతకరాదూ?"

"మడుగులెక్కడున్నాయి? అన్నీ ఎండి పగిలిపోయాయి కదా."

"ఎండిన చోటే వెతకాలి," అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అదే నా తప్పు.

మర్రాకెష్ బజారులో ఊసరవెల్లుల బోనుల పక్కన ఒక తొట్టి నిండా తాబేళ్ళు ఉన్నాయి. చురుకైనదాన్ని ఏరి, తడిగుడ్డ కప్పి, రొట్టెల బుట్టలో పెట్టుకుని బస్సెక్కాను. నీటి తాబేలును ఎత్తి పట్టుకుంటే అది కోపంతో ఒక కంపు వదులుతుంది. కనుమ మలుపుల్లో బుట్ట దొర్లినప్పుడల్లా వదిలింది.

"ఎవరయ్యా చెప్పులిప్పింది?" అని అరిచాడు డ్రైవరు. "వేసుకోకపోతే ఇక్కడే దించేస్తా!"

బస్సులో వాళ్ళంతా ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు. నేను బుట్ట మీద చెయ్యి వేసుకుని నిద్ర నటించాను.

తెచ్చి హమ్మూ మామకు చూపించాను. ఆయన దాన్ని ఎత్తలేదు, తడమలేదు. ముఖం ఒక్కటే చూశాడు.

"ఇది కొండ అవతలిది."

"ఎలా తెలుసు?"

"కంటి వెనక నారింజ చుక్క చూడు. మెడ మీద పసుపు చారలు చూడు, నిన్న గీసినట్టున్నాయి. వయసులో ఉన్నప్పుడు నేను ఉత్తరాన గర్బ్ మైదానంలో రెండేళ్ళు బావులు తవ్వాను. అక్కడ కాలవల ఒడ్డున ఇవే బారులు తీరి ఎండ కాగుతుంటాయి. అడుగు చప్పుడైతే చాలు, బుడుంగున దూకుతాయి. సూస్ వైపు చూసినవి ఇంకో తీరు. అక్కడి నీళ్ళలో చిప్ప పెచ్చులు లేస్తుంది, పాత గోడ సున్నంలా. మనవాటికి చుక్క ఉండదు. ఒళ్ళంతా బురద రంగు. కళ్ళు బూడిద నీలం."

"అన్నీ నీటి తాబేళ్ళే కదా మామా. తాబేలుకు ఊరేమిటి?"

"నీకుంది కదూ ఊరు? నిన్ను తీసుకెళ్ళి టాంజియర్ రేవులో వదిలితే చేపలు పడతావా?"

"నేర్చుకుంటాను."

"వీడు నేర్చుకుంటాడట, తూదా. సొంత పంపుకు వాషర్ మార్చడానికి రెండు నెలలు పట్టింది వీడికి."

తూదా అత్త నవ్వింది. నేనూ నవ్వాను. మరునాడు చిప్ప అంచున గాటు పెట్టి, అద్దీ ముందర, నా చేత్తో దాన్ని బావిలోకి దించాను.

ఆ మరునాడు పొద్దున్నే ఇత్తో కేక వినిపించింది.

"జాయిదూ! నీ చుట్టం వచ్చింది!"

లారీ ట్యూబుతో కుట్టిన చేదలో, రెండు దోసిళ్ళ నీళ్ళ నడుమ, నా తాబేలు తల ఎత్తి కూర్చుంది. మళ్ళీ దించాను. సాయంత్రం మళ్ళీ వచ్చింది. మరునాడు మూడుసార్లు. నీళ్ళు చీలమండ లోతు. చేద దిగగానే అది ఎక్కి కూర్చునేది. ఆడవాళ్ళు మొదట నవ్వుకున్నారు. తర్వాత విసుక్కున్నారు. సగం చేద తాబేలే ఆక్రమిస్తే ఇంటికి మోసేదేముంది?

"దీనికి దిగడం చేతకాదమ్మా. నీళ్ళు మొయ్యడం నేర్పిద్దాం," అంది ఇత్తో.

అయిదో రోజు చేద కిందపెట్టి, వంచే లోపలే అది నడిచిపోయింది. సాయంత్రం దాకా వెతికితే మూడు తోటల అవతల, ఎండిన పిల్లకాలవలో దొరికింది. తల ఉత్తరం వైపు పెట్టి మెల్లగా నడుస్తోంది.

"మర్రాకెష్ బస్సుకు పోతున్నట్టుంది," అంది ఇత్తో. "పాపం, టిక్కెట్టు కొనిచ్చి పంపు."

చివరికి అదే జరిగింది. చెప్పుల కంపు అని అరిచిన డ్రైవరుకే బుట్ట ఇచ్చి, కనుమ దాటాక ఏటి దగ్గర వదలమన్నాను. బుట్ట మూత ఎత్తి వాసన చూశాడు. నా కేసి చూశాడు. తిట్టే ఓపిక లేక బుట్టను సీటు కిందికి తోశాడు.

నీళ్ళ సంగతి అలాగే ఉంది. చేద బురద నాకుతోంది. తాబేలు లేకపోయినా దిగి పూడిక తియ్యమన్నాడు అద్దీ. దిగే ముందు హమ్మూ మామ దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ బావి తెలిసిన చేతిని అడక్కుండా దిగడం పద్ధతి కాదు.

"ఉత్తరం మూల ముట్టుకోకు," అన్నాడు. "అక్కడ గోడ గుల్లయింది. మీద పడుతుంది."

దిగాను. ముందు గోడ చూసుకున్నాను. గునపం మొండి కొసతో ఒక్కో రాయినీ కొట్టుకుంటూ చుట్టూ తిరిగాను. గుల్లయిన రాయి డొల్లగా మోగుతుంది. ఉత్తరం మూల రాళ్ళు కంచుగంటల్లా పలికాయి. మామ చేసిన పనిలో అంత గట్టి మూల మరొకటి లేదు. ఇంత తప్పు ఆయన ఎలా చెప్పాడో నాకు అర్థం కాలేదు. పైగా బావి మొత్తంలో బురద నల్లగా, తడిగా ఉన్నది అక్కడే. పార వెయ్యకుండా చేత్తో తోడాను. మోచేతి లోతుకు వెళ్ళేసరికి వేళ్ళకు గట్టిది తగిలింది. ఆ వెంటనే కంపు.

చిప్ప అంచు మీద వేలు జరిపి చూశాను. గాటు ఒక్కటే, అరిగి నునుపెక్కిన పాతది. తలకు కట్టుకున్న దీపం దగ్గర పెట్టాను. కనురెప్ప మెల్లగా తెరుచుకుంది. బూడిద నీలం.

బురదలోకి చొచ్చుకుపోయి, నీళ్ళు వచ్చేదాకా కదలకుండా పడి ఉండడం మా వైపు తాబేళ్ళ పద్ధతి. ఎండిన చోటే వెతకమన్నది అందుకే. అది పడుకున్న గుంట అడుగున సన్నగా నీళ్ళు ఊరుతున్నాయి. బావికి మిగిలిన ఒక్క ఊటనూ కనిపెట్టి దాని మీద పడుకుంది. ఆ ఊట ఎక్కడుందో హమ్మూ మామకు తెలియకుండా ఉండదు. ఆ రోజు ఆయన చెయ్యి కూడా ఇక్కడికే వచ్చి ఉంటుంది.

దాన్ని ఉన్నచోటే పెట్టి బురద కప్పాను. పక్కనుంచి జానెడు కాలవ తీసి ఊటను బావి నడిమికి మళ్ళించాను. పైకి వచ్చాను.

ఎవరూ పిలవకుండానే హమ్మూ మామ వచ్చి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోచేతి దాకా నల్లబడ్డ నా చేతిని చూశాడు.

"గోడ ఎలా ఉంది?"

"గట్టిగా ఉంది మామా."

ఆయన తల వంచుకున్నాడు. అద్దీ పక్కనే ఉన్నాడు కాబట్టి నేను మోకు విప్పి చుట్టసాగాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తూదా అత్త టర్నిప్ ముక్కలు వేసిన సూపు, బార్లీ రొట్టె ముందు పెట్టింది. మామ రొట్టె తుంచలేదు.

"బతికే ఉందా?" అన్నాడు.

"ఉంది. నీకు తెలుసుగా."

"తెలుసు. ఆ రోజు చేతికి తగిలింది. చేదలో పెడదామనుకున్నాను. కాళ్ళు ఎంత నొప్పెట్టాయంటే, అక్కడే బురదలో కూర్చుండిపోయాను. ఇది పైకి పోతే వచ్చే ఏడు మళ్ళీ దిగాలి, ఆ పై ఏడు మళ్ళీ. ఒక్క సంవత్సరం కూర్చుందామనిపించిందిరా. కప్పేశాను."

అత్త టీ పోస్తున్నదల్లా ఆగింది. ఆమెకు ఇది తెలియదు. కాసేపు భర్తను చూసి, తర్వాత నా వైపు తిరిగింది.

"ఒరేయ్ జాయిదూ. ఈ మాట గడప దాటిందో, ఈ టీ కూజా నీ నెత్తిన పగలగొడతాను."

"దాటదత్తా."

"ఆయన కూర్చోవాలి. అంతే. నిజమూ వద్దు, అబద్ధమూ వద్దు. కూర్చుంటే చాలు."

"కూర్చుంటున్నా కదే," అన్నాడు మామ. "కూర్చున్నా నడుముకు మోకు కట్టినట్టే ఉంటోంది. ఏం చెయ్యను?"

వేసవి అంతా అలాగే గడిచింది. నేను మళ్ళించిన ఊటతో రోజూ ఇంటికి రెండు చేదల చొప్పున నీళ్ళు దొరికాయి. ఆకురాలు కాలంలో సఘ్రో కొండల మీద రెండు రోజులు వాన కురిసింది. వాగు ఎర్రగా పారింది. మూడు తోటల గోడలు కూలినా ఎవరూ ఏడవలేదు. వారం తిరిగేసరికి బావిలో మూడు బారల నీళ్ళు నిలిచాయి.

ఒక శుక్రవారం, నమాజు నుంచి మగవాళ్ళు వస్తున్న వేళ, బావి దగ్గర ఇత్తో కేక వేసింది. ఈసారి నన్ను కాదు.

"మేస్త్రీని పిలవండి! ఎవరైనా మేస్త్రీని పిలవండి!"

చేదలో పైకొచ్చిన పళ్ళెమంత తాబేలు గట్టు మీద నాలుగడుగులు వేసి ఆగింది. చుక్క లేదు, చారలు లేవు. అద్దీ వంగి చిప్ప వెనక చూశాడు. ఒక్క గాటు. అందరూ చూశారు. నేను కాళ్ళ కింద నేల చూస్తున్నాను. హమ్మూ మామ కర్ర పొడుచుకుంటూ వచ్చేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఎవరూ కదల్లేదు.

"ఇది..." అని మొదలుపెట్టాడు అద్దీ. "చచ్చిందన్నావు. బురదలో నీ చేతికి దొరక్కపోయి ఉంటుంది. అంతేనా మేస్త్రీ?"

అద్దీ ఆయనకు దారి ఇచ్చాడు. అవునంటే సరిపోయేది.

"దొరికింది," అన్నాడు హమ్మూ మామ. "చేత్తో పట్టుకున్నాను. మళ్ళీ కప్పి, చచ్చిందని చెప్పాను. మోకాళ్ళు ఓర్చుకోలేక చెప్పాను. ఇది నాదే. మోకు తెండి."

ఆ మాట అని నిజంగానే నడుముకు గుడ్డ బిగించుకోసాగాడు. తూదా అత్త ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ముందుకు వెళ్ళి మోకు అందుకుని నా నడుముకు కట్టుకున్నాను.

"నువ్వు కాదు," అన్నాడు అద్దీ. "మొదట దిగేది తాబేలును వదిలిన చెయ్యి."

"ఆ చెయ్యి కావాలి నాకూ. గిలక దగ్గర," అన్నాను. "అడుగున నేను ఏం తడిమితే అది పైకి చెబుతాను. ఏది రాయో, ఏది ఊటో, ఎక్కడ తవ్వాలో, ఎక్కడ వద్దో ఆయన చెబుతాడు. తాబేలును ఆయన చేతికే పంపుతాను, ఆయన చేతి నుంచే దిగుతుంది. మోకు ఆయన పట్టుకోకపోతే నేను దిగను."

"నియమం..."

"అయితే నువ్వు దిగు అద్దీ," అంది ఇత్తో. "ఆ పొట్టతో దిగావంటే బావికి మూత కొనే పని తప్పుతుంది."

నవ్వని వాడు హమ్మూ మామ ఒక్కడే. అద్దీ తన పొట్ట చూసుకున్నాడు, మామ మోకాళ్ళు చూశాడు. నీళ్ళ వంతుల గొడవల్లో వాడే గొంతుతో అన్నాడు:

"మోకు మేస్త్రీ చేతిలో ఉంటేనే దిగడం. ఆ చెయ్యి తప్పితే పూడిక తీత ఆగిపోవాలి. అందరూ విన్నారుగా."

ఆ సాయంత్రమే తాబేలును చేదలో పెట్టి హమ్మూ మామ తన చేత్తో దించాడు. గిలక కిర్రుమంటుంటే కళ్ళు మూసుకుని, చేద నీళ్ళను తాకేదాకా బారలు లెక్కపెట్టాడు.

ఇప్పుడు ఏటా కోతలయ్యాక గాడిద మీద ఆయన్ని బావి దగ్గరికి తెస్తాం. గట్టు మీద గొర్రెతోలు పరుస్తాం. మోకును అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంటాడు. మనిషి బాగా అలసిపోయాడు. ఒక్కోసారి మాట మధ్యలో తల వాలుతుంది. చెయ్యి మాత్రం వదలదు. కింద నేను కాలు మార్చితే పైన మోకు వెంటనే బిగుస్తుంది.

"ఉందా?" అంటాడు.

"ఉంది మామా."

"ఏ మూల?"

"ఉత్తరం మూల."

"సరే. పంపించు."

పైకి పంపుతాను. నేను బురద తోడినంతసేపూ అది ఆయన ఒళ్ళోనే ఉంటుంది. ఆయన పొడుగు అంగీకి, ఆ జెలాబాకు, పట్టిన కంపు మూడు ఉతుకులకు కూడా వదలదని తూదా అత్త ఏటా తిడుతుంది.